ఇడ్లీ ఆవిరి

గోడ కాగితం వరకే పీకు, వెనకున్న చెక్క జోలికి వెళ్ళకు, అని ఒకటికి రెండుసార్లు చెప్పి కృష్ణమోహన్ కొత్త పానెల్ కొనడానికి హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళారు. మా ఆయన్ని మనసులో పేరుపెట్టి అనుకోవడం నాకు పెళ్ళైన కొత్తనుంచీ అలవాటు, బయటికి మాత్రం ఇప్పటికీ ఏమండీనే. అక్కడ షీటు కొలతకి కోయించుకుని, సందుల్లో నీళ్ళు దూరకుండా పూసే సిలికోన్ గొట్టాలు ఏరుకుని, కౌంటర్ దగ్గర ఎవరో ఒకరికి తన రిటైర్మెంటు కబుర్లు చెప్పి తిరిగి వచ్చేసరికి ఎంత లేదన్నా గంట పడుతుంది. నాకున్నది ఆ గంటే. ఆయన వచ్చారంటే ఈ గోడ మూసేస్తారు. మూశాక లోపల ఏముందో ఇంక ఈ జన్మలో ఎవరూ చూడరు, మోటర్‌హోమ్ గోడ కుళ్ళింది జానకి ఇడ్లీల ఆవిరికే అన్న మాట ఒక్కటీ శాశ్వతంగా ఉండిపోతుంది. నా ఆవిరా కాదా, అదొక్కటే నేను తెలుసుకోవాలి.

ఇంటిముందు డ్రైవ్‌వేలో నిలబెట్టిన, పొయ్యీ పడకా అన్నీ ఉన్న ఈ పాత బండిలో తలుపు పక్క గోడకి ఎదురుగా, ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. మా ఊరు నోవైలో మంచు మొన్ననే కరిగింది, బయట గ్యారేజీ చూరు నుంచి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఎదురింటివాళ్ళ కిటికీ తెర ఒకసారి కదిలింది, ఈ బండి ఇక్కడినుంచి ఎప్పుడు కదులుతుందా అని వీధి వీధంతా ఎదురుచూస్తూ ఉంటుంది, వచ్చేవారం కదులుతుందిలే, ఇర్వింగ్‌లో రేణు దగ్గరికి వెళ్తున్నాం, కూతురిల్లు. గోడమీద కాగితం నీటిబొబ్బల్లా లేచి ఉంది. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగింది, వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. నీరుపట్టిన కాలు నొక్కితే ఇలాగే గుంట పడుతుంది, నొక్కిన డాక్టరు ఏమీ మాట్లాడకుండా చార్టు చూస్తాడు. ఆయన ఇచ్చిన స్క్రేపర్ మొద్దుది, పేరుకే ఉంది. ఇంట్లోకి వెళ్ళి నా పాత అట్లకాడ తెచ్చుకున్నాను, అంచు అరిగి అరిగి కత్తిలా అయింది, ఎన్ని వేల అట్లు తిరగేసిందో పాపం, చివరికి గోడ తిరగెయ్యడానికి పనికొచ్చింది. కాగితం అంచు దొరికింది. లాగితే పెద్ద పెద్ద ముక్కలుగా ఊడి వస్తోంది, కింద తడిసిన గోనెసంచి వాసన.

ఈ వాసన మొదట పట్టింది నేనే. ఏదో ముక్కవాసన వస్తోందండీ అన్నాను, ఆయన గాలి పీల్చి నీ పోపు వాసనే అన్నారు. తరవాత కాగితం ఉబ్బింది. అప్పుడు ఆయన తలుపు దగ్గర నిలబడి, నడుంమీద చేతులు పెట్టుకుని, తీర్పు చెప్పినట్టు చెప్పారు. ఇంత చిన్న చోట పొద్దున లేస్తే ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చారు, ఆవిరంతా ఎక్కడికి పోతుంది, గోడల్లోకే పోతుంది. వంటపొయ్యి ఆ వైపు ఉంది కదా, పాడైన గోడ ఈ వైపుది కదా అన్నాను. ఆవిరి ఎదుటి గోడకి వెళ్ళి కొట్టుకుంటుంది, అది ఫిజిక్స్, నీకు తెలియదు అన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కారు తలుపుల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలే ఆయన లోకం, కారులోకి నీళ్ళు దూరకుండా చూడటమే ఆయన పని, అంచేత నీటి గురించి ఆయన ఒకసారి చెప్పాక ఇంకొకళ్ళు చెప్పడానికి ఏమీ ఉండదు. మెడిసిన్ చదివిన భార్య అసలే చెప్పకూడదు.

ఒకసారి ఆర్వీలు, అంటే ఇలాంటి బళ్ళు, బాగుచేసే షాపతను వచ్చి చూశాడు. టార్చిలైటు వేసి కిటికీల అంచులన్నీ చూశాడు, పైకెక్కి కప్పు చూశాడు, గోడలో తడి ఎక్కడిదాకా ఉందో చెప్పే మీటర్ తెస్తాను, ఎటునుంచి వస్తోందో వెతుకుదాం అన్నాడు. "నో నీడ్. వియ్ నో ద రీజన్" అన్నారు ఈయన. కారణం మాకు తెలుసట. ఆ మాట అంటున్నప్పుడు నావైపు చూసి నవ్వారు కూడా, అతనూ మర్యాదకి నవ్వాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ మాట నేను అదే గొంతులో, అదే ఇంగ్లీషులో ఇంకోసారి విన్నాను, చాలా ఏళ్ళ కిందట, పడుకుని ఉండి విన్నాను. ఇప్పుడది కాదు, ముందు కాగితం.

అప్పటినుంచీ బండిలో పొయ్యి వెలిగించలేదు. అప్పర్ పెనిన్సులాలో క్యాంపింగుకి వెళ్ళినప్పుడు, వాన కురుస్తుంటే, బండి పక్కకి చాపే గుడ్డపందిరి కింద, గొడుగు ఒక చేత్తో, గరిటె ఒక చేత్తో, చలికి ముక్కు కారుతూ ఉప్మా కలిపాను, ఆయన లోపల దుప్పటి కప్పుకుని టీవీ చూస్తూ ఉప్పు చాలిందా అని అద్దంలోంచి సైగ చేశారు. పక్క బండిలోని తెల్లావిడ జాలిపడి వాళ్ళ గుడారంలోకి పిలిచింది. ఏమని చెప్పను ఆవిడకి, నా ఇడ్లీకి గోడలు కూలుతాయట అని చెప్పనా. ఇక పార్టీల్లో ఆయన చెప్పే కథ సరేసరి. మా ఆవిడ ఇడ్లీపాత్రలో ఆర్వీని కూడా ఉడకేసింది, అనగానే అందరూ పగలబడి నవ్వుతారు, అంకుల్ భలే జోక్ చేస్తారు అంటారు, నేను ఇంకో రెండు గారెలు వడ్డిస్తాను. రేణు కూడా ఫోన్‌లో, "అమ్మా, నీ ఇడ్లీ స్టీమ్ వల్ల ఆర్వీ రూయిన్ ఐంది అంట కదా, సో ఫన్నీ" అంది. నా కడుపున పుట్టిన పిల్లకి కూడా అది ఫన్నీ. మనవరాలు అనిక పెద్దదయ్యాక దానికీ ఇదే కథ చెప్తారు, అమ్మమ్మ అంటే ఇంత బండిని ఉడకబెట్టిన మనిషి అని గుర్తుండిపోతుంది, ఆస్పత్రిలో నేను సంతకం పెడితే తప్ప సర్జన్లు కత్తి కదిపేవాళ్ళు కాదన్న సంగతి ఎవరు చెప్తారు దానికి.

కాగితం మొత్తం వచ్చేసింది. పల్చటి ప్లైవుడ్ బయటపడింది, కొన్నిచోట్ల టీ మరకలా లేత గోధుమరంగు, కొన్నిచోట్ల నలుపు. ఇక్కడితో ఆగమన్నారు ఆయన. నేను పాథాలజిస్టుని. ఒక ముక్క చూసి రోగం ఏమిటో, ఎక్కడ మొదలైందో చెప్పడమే నా బతుకంతా. ఆపరేషన్ బల్లమీద మనిషిని కోసి ఉంచి, చిన్న ముక్క నాకు పంపి, నా ఫోను కోసం చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. అక్కడ నేను ఏమండీ అనలేదు, ఎవరూ నన్ను చూసి నవ్వలేదు, నేను అవునంటే అవును, కాదంటే కాదు. సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తియ్యగానే నాకేమీ తెలియకుండా పోయేది. కుక్కర్ ఎందుకు కూత పెట్టలేదో, రేణుకి జలుబు ఎందుకు చేసిందో, ఇంట్లో బేస్‌మెంటు ఎందుకు చెమ్మగిల్లిందో, అన్నిటికీ కారణం ఆయనకి తెలిసేది, ఆ కారణం తిరిగి తిరిగి నాదగ్గరికే వచ్చేది. నేను కాదనలేదు. కాదంటే వాదన, వాదిస్తే రాత్రంతా మౌనం, ఆ మౌనం కన్నా తప్పు ఒప్పుకోవడమే నయమని ఎప్పుడు నిర్ణయించుకున్నానో గుర్తులేదు.

ఆవిరివల్ల చెడిన గోడ ఎలా ఉండాలి. అంతటా సమానంగా చెమ్మ పట్టాలి, మూలల్లో, పైకప్పు అంచున, చలి తగిలే చోటల్లా చుక్కలు చుక్కలుగా బూజు ఉండాలి, అన్నిటికన్నా ముందు పొయ్యి పక్కన ఉండాలి. పొయ్యి పక్క గోడ తట్టి చూశాను, గట్టిగా టకటకమంది. ఇక్కడ మరక అలా లేదు. కింద వెడల్పుగా ఉంది, పైకి పోయేకొద్దీ సన్నబడుతోంది. ఎక్కడినుంచో దిగిన నీళ్ళు ఇవి. కానీ ఎక్కడినుంచి, అది ఈ చెక్క విప్పితే కానీ తెలియదు. అట్లకాడ చెక్క అంచులో దూర్చాను, చెయ్యి ఆగిపోయింది. వద్దన్నారుగా. ఈ వయసులో, ముగ్గుబుట్టలా నెరిసిన జుట్టుతో, మొగుడు వద్దన్న పని చెయ్యడానికి భయపడుతున్నానా. అవును, భయపడుతున్నాను. ఆయనకి కాదు. విప్పాక నిజంగా నా ఆవిరే అని తేలితే.

ఎందుకంటే ఆ రోజు కూడా తేలలేదు. రేణు తరవాత కడుపులో నిలిచినది నెలలు నిండకుండానే పోయింది. నేను పనిచేసే ఆస్పత్రిలోనే, నేను తెల్లదుప్పటి కింద పడుకుని ఉన్నాను, నన్ను చూసిన డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి పరీక్షలున్నాయి, పంపమంటారా అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోగా నా తలవైపునుంచి ఆయన గొంతు, నో నీడ్, వియ్ నో ద రీజన్. కారణం నా ఉద్యోగమట. ఆ ఫార్మలిన్ కంపులో రోజంతా నిలబడితే కడుపు ఏం నిలుస్తుంది అని మా అత్తగారికి ఫోన్‌లో చెప్పడం కూడా విన్నాను. అదే ఆస్పత్రిలో, ఆ గదికి కింది అంతస్తులోనే నా బల్ల ఉంది, నా మైక్రోస్కోపు ఉంది, నాతోపాటు పనిచేసేవాళ్ళు ఆ పూట అక్కడే ఉన్నారు. ఊరందరి ముక్కలూ వచ్చిన ఆ బల్లమీదికి నాది మాత్రం రాలేదు. పంపండి అని నేనొక్క మాట అంటే సరిపోయేది, మత్తులో ఉన్నాను, ఏడుస్తున్నాను, అనలేకపోయాను, మర్నాటికి ఆ డాక్టరమ్మ ఇంకో మంచం దగ్గర ఉంది. ఆ తరవాత నా ల్యాబులోకి వెళ్ళి, ముక్కలు చెడకుండా ఫార్మలిన్‌లో నానేసిన సీసా మూత తీసి, ఆ ఘాటు ముక్కుకి తగిలిన ప్రతిసారీ ఇదేనా అనుకున్నాను, ఇదేనా నా బిడ్డని తీసుకుపోయింది. ఉద్యోగం మానెయ్యమని మాత్రం ఆయన ఏనాడూ అనలేదు, జీతానికి ఫార్మలిన్ కంపు ఉండదు కదా.

ఫోను మోగింది. ఆయనే.

"జానకీ, వైట్ తీసుకోనా, క్రీమ్ తీసుకోనా? వైట్ అయితే నీ పసుపు మరకలు కనిపిస్తాయి."

"మీ ఇష్టమండీ."

"కాగితం అయిందా? చెక్క ముట్టుకోలేదు కదా?"

"లేదు" అన్నాను. అన్నాక అట్లకాడ లోపలికి తోసి బలంకొద్దీ లాగాను.

చెక్క తడిసిన అప్పడంలా ఊడి ఒళ్ళో పడింది. దాని వెనక థర్మోకోల్, దాని పక్కన నిలువుగా నిలబెట్టిన కర్రలు. కింది కర్ర చేతికి ముద్దగా వచ్చేసింది, పైకి పోతుంటే గట్టిపడుతోంది. నేను పైకి వెళ్ళాను. ఒక్కో ముక్కా విరుస్తూ, పీట ఎక్కి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా పట్టించుకోకుండా. చెక్కకి కొట్టిన పిన్నులు కొన్ని తళతళలాడుతున్నాయి, కొన్ని తుప్పుపట్టి ఎర్రగా ఉన్నాయి, ఎర్రవన్నీ మరక ఉన్నచోటే ఉన్నాయి, ఒక్కటి కూడా పక్కకి పోలేదు. ఇంక ఆవిరి కాదు. ఆవిరి ఇలా గీత గీసినట్టు నడవదు. ఎంతసేపైందో తెలియదు, కారు చప్పుడు అయితే వినిపిస్తుందిలే. పైకి వెళ్ళేసరికి మరక రెండు పాయలుగా చీలింది, ఒకటి నిటారుగా తలుపు పై మూలకి, ఇంకొకటి తలుపు మీది అడ్డకర్ర వెంట అవతలి మూలకి. ఒక పాయ చివర, కర్రలోంచి, తుప్పు పట్టిన మేకు మొన ఒకటి చూస్తోంది. రెండో పాయ చివర కూడా అంతే. ఆ మొనల చుట్టూ కర్ర బొగ్గులా ఉంది. బయటినుంచి కొట్టిన మేకులు. బండి తయారుచేసినవాళ్ళు కొట్టినవి కావు, వాళ్ళు మేకులే వాడలేదు. ఎవరు కొట్టారివి, అనుకుంటూ కిందికి దిగి బయటికి వెళ్ళి తలుపు పైకి చూశాను. ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, ఎండకి వెలిసి తెల్లబడిపోయి, ఆ రెండు మేకులకి వేలాడుతోంది.

బండి కొన్న రోజు. గుడినుంచి పంతులుగారు వచ్చారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, లోపల పొయ్యిమీద నేను పాలు పొంగించాను, స్నేహితులందరూ డ్రైవ్‌వేలో కాగితపు పళ్ళేల్లో పులిహోర తింటున్నారు. ఆయన ఇండియన్ స్టోర్లో కొన్న తోరణం పట్టుకుని, ఇది బండి కాదండీ, ఇల్లు, ఇంటికి తోరణం లేకపోతే ఎలా, అని అందరికీ వినపడేలా అన్నారు. నేను దగ్గరికి వెళ్ళి, మేకులు వద్దండీ, ఆ పందిరి కడ్డీకి దారంతో కట్టండి, సరిపోతుంది అన్నాను. గుర్తుంది, బాగా గుర్తుంది, చేతిలో హారతి పళ్ళెం ఉంది, గాలికి కర్పూరం ఆరిపోతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నాను. ఇల్లన్నాక మేకు కొట్టకపోతే ఎలా, డాక్టర్లకి సుత్తి పట్టుకోవడం తెలియదు, అన్నారు. అందరూ నవ్వారు. స్టూలెక్కి రెండు మేకులు కొట్టారు, చప్పట్లు కూడా కొట్టారందరూ. ఆ తరవాత ప్రతి ఏడూ కప్పుకి, కిటికీలకి, దీపాలకి శ్రద్ధగా సిలికోన్ పూశారు, తోరణం జోలికి మాత్రం వెళ్ళలేదు, దేవుడికి కట్టింది ఎవరు కదిలిస్తారు. షాపతను కూడా టార్చిలైటు వేసి బండంతా వెతికాడు కానీ దాన్ని ఎత్తి చూడలేదు, వీళ్ళ మతానికి సంబంధించిందేమోనని మర్యాదకి వదిలేసి ఉంటాడు. పడిన ప్రతి వానా, కరిగిన ప్రతి మంచూ ఆ రెండు మేకులు పట్టుకుని లోపలికి దిగింది. నేను వానలో గొడుగు పట్టుకుని ఉప్మా కలుపుతున్నప్పుడు కూడా దిగింది.

ఏడుపొచ్చింది. సంతోషమో కోపమో తెలియదు, రెండూ అనుకుంటాను. నా ఆవిరి కాదు. బండి మెట్టుమీద కూర్చుని పైకే అన్నాను, నా ఆవిరి కాదు.

కారు వచ్చి ఆగింది. ఆయన పానెల్ దింపి, అంచులు ఎక్కడా తగలకుండా జాగ్రత్తగా లోపలికి తెచ్చి, గోడని చూశారు.

"చెక్క పీకొద్దన్నానా లేదా?"

"చూడండి" అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. మరక వెంట వేలు పెట్టుకుంటూ పైకి వెళ్ళారు. మేకు మొన దగ్గర వేలు ఆగింది. నీళ్ళు ఎలా దూరతాయో ఆయనకి తెలిసినట్టు ఈ వీధిలో ఎవరికీ తెలియదు, ఆయన ముఖం చూస్తూనే ఉన్నాను, అర్థమైంది, ఆ ముఖంలో ఏదో కదిలింది. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో ఆయన నన్ను చూసి, అయ్యో జానకీ అని ఉంటే, అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అక్కర్లేదు, అన్నీ వదిలేసి ఉండేదాన్ని, ఉప్మా, పార్టీ జోకులు, కింది అంతస్తులో ఖాళీగా ఉండిపోయిన నా బల్ల, అన్నీ.

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "తోరణం తోరణం అని ఆ రోజు ప్రాణం తీశావు. నీ గోల పడలేకే కదా కొట్టాను" అన్నారు.

అబద్ధం ఆడటం లేదు. అదే నన్ను చంపింది. ఆ మాట నోటిదాకా వచ్చేలోపే ఆయనకి అది జరిగిన సంగతి అయిపోయింది. వచ్చేవారం ఇర్వింగ్‌లో రేణుకి చెప్తారు, మీ అమ్మ ఆచారాల పిచ్చికి గోడ పోయింది అని, అది సో ఫన్నీ అంటుంది. గోడ విప్పి చూపించాను, ఇంకేం విప్పను.

"సర్లే, తడి అదే ఆరుతుంది. మూసేద్దాం, ఆ చివర పట్టుకో" అని పానెల్ ఎత్తి గోడకి ఆనించారు. పల్చటి షీటు, మధ్యలో వంగుతోంది, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద, మోకాలు మధ్యలో ఆనించి నిలబడ్డారు. స్క్రూలు బిగించే డ్రిల్లు ఇవతల గట్టుమీద ఉంది, ఆయనకి అందదు.

నేను లేచి పొయ్యి వైపు వెళ్ళాను. పై అరలో ఇడ్లీపాత్ర ఉంది, ఎప్పటిదో, అడుగున దుమ్ము. తుడిచి, సీసాలోంచి నీళ్ళు పోశాను. పిండి ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంది, ఇప్పుడు పిండితో పని లేదు. పొయ్యి రెండుసార్లు చిటపటలాడి అంటుకుంది. పైకప్పులో ఉన్న చిన్న కిటికీ పిడి తిప్పి తెరిచాను.

"ఏం చేస్తున్నావ్ నువ్వు? పట్టుకోమన్నానా?"

నేను పీట మీద కూర్చున్నాను.

"జానకీ. నిన్నే. ఎందుకు పట్టుకోవు?"

"కారణం మీకు తెలుసుగా" అన్నాను.

ఆయన షీటు వైపు, డ్రిల్లు వైపు చూశారు. వదిలితే షీటు విరుగుతుంది, పట్టుకుంటే అడుగు కదలడానికి లేదు. నీళ్ళు మరగడం మొదలైంది. మూత తీశాను. ఆవిరి నిటారుగా లేచి, ఎదుటి గోడ వైపు తలైనా తిప్పకుండా, కప్పులోని కిటికీలోంచి బయటికి వెళ్ళిపోయింది. ఆయన మోకాలు ఇంకా గట్టిగా షీటుకి ఆనించారు. నేను మంట ఇంకాస్త పెంచాను.